మంగళవారం ఆగే లిఫ్టు

నానక్‌రామ్‌గూడ,
6 జూలై 2025, ఆదివారం.

వీరలక్ష్మి అత్తయ్యకి రసజ్ఞ నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పిన మాటకి రసీదు ఉండదు, ఏదైనా కాగితం మీద పెట్టు అని పట్టుబట్టావు కాబట్టి రాస్తున్నాను. మా టవర్ కింద కాఫీ పదిహేను రకాలు దొరుకుతుంది, ఒక్క స్టాంపు దొరకదు. షేర్ ఆటో ఎక్కి పోస్టాఫీసుకి వెళ్తే కౌంటర్లో ఆయన నన్ను జాలిగా చూసి, కోర్టు కేసా అమ్మా అని అడిగాడు. కాదండీ, మా మేనత్త మండపేటలో పోస్టుమాస్టరు అంటే లేచి నిలబడ్డాడు.

ఉద్యోగం సంగతి. ముప్పై ఆరు అంతస్తులు, పద్దెనిమిది లిఫ్టులు. వాటిని చూసుకునే మా విభాగంలో ఇరవై రెండు మంది మగవాళ్ళు, నేను. యూనిఫాం చొక్కా ఇచ్చారు. జేబు మీద ‘శివ’ అని కుట్టి ఉంది. ఆ శివ నా పక్క టేబులే, ఇది అతని పాత చొక్కా. ఆడపేరుతో ఎప్పుడూ కుట్టించలేదు, దర్జీకి చెప్పాలి అన్నారు. మూడు నెలలైంది, దర్జీకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అసలు కబురు ఇది. మా పైఅధికారి రామబ్రహ్మంగారు నాలుగో నంబరు లిఫ్టు నా పేరు మీద రాశారు. దసరా దాకా అది సవ్యంగా నడిస్తే పద్దెనిమిదికీ నేనే ఇన్‌చార్జిని. నడవకపోతే శివ. నాకు ఈ కుర్చీ కావాలి అత్తయ్యా. ఇంత గట్టిగా ఇంకేదీ అడగలేదు నేను.

ఇక్కడ నన్ను మనిషిగా చూసేది ఫోర్‌మన్ బాలనర్సయ్య ఒక్కడే. ఈ ఊరివాడే. టవర్లు రాకముందు ఇక్కడ వాళ్ళ పొలం ఉండేదట. పాత గ్రామంలో బొడ్రాయి వెనక వీధిలో ఇల్లు. రోజూ పనిలోకి దిగేముందు లిఫ్టు గడపకి దణ్ణం పెడతాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు.

మావయ్యని అడిగానని చెప్పు.

నీ
రసజ్ఞ

*

మండపేట,
11 జూలై 2025.

చిరంజీవి రసజ్ఞకి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం నాలుగో రోజున అందింది. కవరు మీద పిన్‌కోడు అంకెలు గడులు దాటి వచ్చాయి. పద్దెనిమిది లిఫ్టులకి ఇన్‌చార్జి కావలసిన పిల్ల ఆరు అంకెలని ఆరు గడుల్లో కూర్చోబెట్టలేకపోతే ఎలాగమ్మా?

ఇరవై రెండు మంది మగవాళ్ళ మధ్య నువ్వొక్కదానివి. నలభై నాలుగు కళ్ళు. ఆ చొక్కా మీద పేరు సంగతి విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నీ మీద దిష్టి ఏ పాటిదో నాకు తెలుసు, నేనూ ఉద్యోగం చేసినదాన్నే. నేను చేయవలసిన ఏర్పాటు ఒకటి చేశాను. అదేమిటో అడక్కు. ఒక్కటి మాత్రం చెబుతున్నాను, ఆ బాలనర్సయ్య చాలా నమ్మకస్తుడిలా ఉన్నాడు.

మీ మావయ్య మజ్జిగలోకి నిమ్మకాయ లేదని అలిగారు. పెరట్లో చెట్టు విరగకాసి ఉంటే కాయలేమవుతున్నాయని అడుగుతున్నారు. ఆయనకి అన్నీ చెప్పలేం కదా.

ఆశీస్సులతో
వీరలక్ష్మి

*

నానక్‌రామ్‌గూడ,
24 జూలై 2025.

అత్తయ్యా,

నా కొంప మునిగింది. నాలుగో నంబరు పోయిన మంగళవారం ఆగింది. మొన్న మంగళవారం మళ్ళీ ఆగింది. మిగతా రోజుల్లో బంగారంలా నడుస్తుంది. మంగళవారం పొద్దున్న ఏడింటికి మాత్రం పదకొండో అంతస్తు దాటాక తలుపు అర అంగుళం తెరుచుకుని, బెదిరి ఆగిపోతుంది. ఆడమనిషి చేతికి లిఫ్టు ఇస్తే అది కూడా వారాలు వర్జ్యాలు చూస్తోందని శివ అన్నాడట. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, తర్వాత మెషిన్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

రెండుసార్లూ లోపల ఇరుక్కున్నది ఒక్కడే. పేరు అవినాష్, ఇరవై మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్, చందానగర్ నుంచి వస్తాడు. మంగళవారాలు విదేశం వాళ్ళతో మీటింగ్ ఉందని అందరికంటే ముందొస్తాడు. బయటికి తీయగానే ఫిర్యాదుల రిజిస్టరు అడుగుతాడు. మీకు తెలిసిన భాషలో రాయండి అని దాని మీద ఉన్న పాపానికి తెలుగులో రాస్తాడు. ఉన్నదున్నట్టు దింపుతున్నాను:

‘లిఫ్టు నలభై నిమిషాలు ఆగినది. విడిపించినవారు: శివ గారు (మహిళ). ప్రవర్తన: మర్యాదగా ఉన్నది. స్క్రూడ్రైవరు నా పాదము మీద పడవేసినారు. క్షమించితిని.’

ప్రతి ఫిర్యాదుకీ ఒక రోజులోపు నేను రాతపూర్వకంగా జవాబివ్వాలి. ‘తీసుకున్న చర్య: స్క్రూడ్రైవరు వెనక్కి తీసుకోబడింది’ అని రాశాను.

ఇప్పుడు రహస్యం విను. తలుపు జారే గాడిలో నాకు నిమ్మగింజలు దొరికాయి. మొదటిసారి ఐదు, రెండోసారి ఏడు. గడప తుడవడానికి పనివాళ్ళు వాడేది కూడా నిమ్మవాసన మందే, అందుకని ముక్కుకేమీ తెలియదు. కెమెరాలో మనుషుల తలలే కనిపిస్తాయి, గడప కనిపించదు. గింజల్ని తారీకు వేసి కవర్లలో దాచాను. మొన్న ఆ అవినాష్ టిఫిన్ బాక్స్ తెరిపించాను. నిమ్మకాయ పులిహోర! బాక్స్ నా దగ్గరే ఉంచుకున్నాను.

రసజ్ఞ

*

మండపేట,
29 జూలై 2025.

చిరంజీవి రసజ్ఞకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మావయ్యకి కూడా చదివి వినిపించాను. ఒక మగపిల్లాడి దగ్గర టిఫిన్ బాక్స్ పుచ్చుకుని నీ దగ్గరే ఉంచుకున్నావంటే మాకు విషయం అర్థమైంది. నువ్వు సిగ్గుపడి లిఫ్టు గొడవంతా చుట్టూ అల్లావు కానీ, నీ వయసులో నేనూ ఇలాగే అసలు విషయం చివరి పేరాలో రాసేదాన్ని.

అబ్బాయి పులిహోర తనే వండుకుంటాడా? అయితే మంచి లక్షణం. గోత్రం కనుక్కో. స్క్రూడ్రైవరు పాదం మీద పడేస్తే క్షమించాడంటే ఓర్పు కూడా ఉంది. బాక్స్ ఖాళీగా తిరిగి ఇవ్వకు, ఏదైనా తీపి పెట్టి ఇవ్వు.

లిఫ్టు రెండుసార్లు ఆగిందంటే దిష్టి నేను అనుకున్నదానికన్నా గట్టిది. నా ఏర్పాటుని రెట్టింపు చేశాను. గింజలు ఐదే అన్నావు. ఐదా? మన చెట్టు కాయకి ఎనిమిదికి తక్కువ ఉండవే. ఊరికే అన్నాను, పట్టించుకోకు.

వీరలక్ష్మి

*

నానక్‌రామ్‌గూడ,
7 ఆగస్టు 2025.

అత్తయ్యా,

నేను రాసిందేమిటి, నువ్వు చదివిందేమిటి? అతను పెళ్ళికొడుకు కాదు, ముద్దాయి! నా లిఫ్టుని ఆపి నా ప్రమోషన్ చెడగొట్టడానికి శివే అతన్ని పంపించాడని నా అనుమానం. గోత్రం అడగమంటావా? నేను అడగాల్సింది సాక్ష్యం.

పోయిన మంగళవారం కూడా ఆగింది, మొన్న మంగళవారం కూడా. ఈసారి పదహారు గింజలు, రెట్టింపు! శివ తలుపు మోటారు మార్చేసి, లోపం మోటారుదే అని రిపోర్టు రాశాడు. ఇకనుంచి ఆ అవినాష్‌ని వట్టి చేతులతో ఎక్కిస్తాను, వెంట నేను కూడా ఎక్కుతాను. అప్పుడు చూద్దాం.

ఇంకో వింత. బాలనర్సయ్యకి ఎవరో ఆడమనిషి పేరుతో పార్సిళ్ళు వస్తున్నాయట. చేతిరాత ముత్యాల్లా ఉందట. ఎవరమ్మా అంటే సిగ్గుపడి తల దించుకుంటాడు. ఆయన భార్య భాగ్యమ్మ పార్సిలు పై కాగితం చూసి వారం నుంచి అన్నం కట్టడం మానేసింది. పాపం క్యాంటీన్లో నూడుల్స్ తింటున్నాడు. ఈ వయసులో ఆయనకిదేం పోయేకాలం?

రసజ్ఞ

*

నానక్‌రామ్‌గూడ,
20 ఆగస్టు 2025.

అత్తయ్యా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేకపోతున్నాను.

అతను నిర్దోషి. నిన్న జేబులు కూడా తిప్పి చూపించి ఎక్కాడు. నేనూ ఎక్కాను. తలుపు మూసుకుంది, పదకొండు దాటింది, ఆగింది. యాభై నిమిషాలు అతనూ నేనూ. పైనుంచి విడిపించాల్సిన శివ టీకి వెళ్ళాడు.

మొదటి పది నిమిషాలు క్షమాపణ చెప్పాను. తర్వాత అతను, మీ పేరు నిజంగా శివేనా అని అడిగాడు. కాదు అని చొక్కా కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఇన్ని నెలలు వేరేవాళ్ళ పేరు మోసుడు గమ్మత్తు కాదు మేడమ్” అన్నాడు. అంతే, జేబు మీద ఆ పేరుని చేత్తో మూసుకున్నాను.

మిగతా పదిహేడు లిఫ్టులున్నాయి కదా, ప్రతి వారం దీన్నే ఎందుకు ఎక్కుతారు అని అడిగాను. పైకప్పులో ఫ్యాను వైపు చూసి, “ఇగ ఇది అలవాటైంది” అన్నాడు. టిఫిన్ బాక్స్ తిరిగిచ్చేశాను. సున్నుండలు పెట్టాను. నువ్వు చెప్పావని కాదు.

రామబ్రహ్మంగారు చివరి మాట చెప్పేశారు. సెప్టెంబరు ముప్పయ్యో తారీకు, మంగళవారం, కమిటీ వాళ్ళు నలుగురు వచ్చి నాలుగో నంబరు ఎక్కి చూస్తారు. ఆగిందా, కుర్చీ శివది. కారణం ఇంకా దొరకలేదు. గింజల కవర్లు ఆరయ్యాయి. భయంగా ఉంది.

రసజ్ఞ

*

మండపేట,
22 ఆగస్టు 2025.

చిరంజీవి రసజ్ఞకి,

నీ ఏడో తారీకు ఉత్తరానికి జవాబు. ఆడిట్ వాళ్ళు వచ్చి ఆలస్యమైంది. ఆ అవినాష్ ముద్దాయి అని రాశావు కాబట్టి సంబంధం ఆలోచన విరమించుకున్నాం. పులిహోర వండే మగవాణ్ణి నేను మొదటినుంచీ నమ్మలేదు. ఇక అతని నీడ కూడా నీ మీద పడకుండా ఏర్పాటు చేశాను. టిఫిన్ బాక్స్ పొరపాటున కూడా తిరిగివ్వకు, అది సాక్ష్యం.

బాలనర్సయ్య పార్సిళ్ళ గురించి: ఒకరి పార్సిల్లో ఏముందని ఆరా తీయడం మా శాఖలో చాలా పెద్ద తప్పు. నువ్వు కలగజేసుకోకు. భాగ్యమ్మకి ఎవరో విడిగా కార్డు రాసి సర్దిచెబుతారని నా నమ్మకం.

వీరలక్ష్మి

*

మండపేట,
3 సెప్టెంబరు 2025.

చిరంజీవి రసజ్ఞకి,

మనసేమీ బాగాలేదు. మొన్న ఒకటో తారీకు నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ముప్పై ఆరేళ్ళు నా చేత్తో అతికించిన చీటీ అది. అంతా స్పీడేనమ్మా. నా రిటైర్మెంటుకి ఏడు నెలలుంది, అది కూడా స్పీడు చేస్తారేమో తెలియదు.

అబ్బాయి నిర్దోషి అని చదివి చాలా ఇబ్బంది పడ్డాను. అతని మీద ఒక పెద్ద ఏర్పాటు జరిగిపోయింది, వెనక్కి తీసుకోవడానికి మళ్ళీ కార్డు రాయాలి. సున్నుండలు పెట్టినందుకు సంతోషం. మినుములు వేయించావా, పచ్చివే పట్టించావా?

కమిటీ రోజు గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ఆ రోజుకి ఇరవై ఒకటి సిద్ధం చేశాను. ఏమిటి ఇరవై ఒకటి అని అడక్కు. మీ మావయ్య చెట్టు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కోశాను.

ఆశీస్సులతో
వీరలక్ష్మి

*

నానక్‌రామ్‌గూడ,
1 అక్టోబరు 2025.

వీరలక్ష్మిగారికి,

అత్తయ్యా అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న పదకొండింటికి రామబ్రహ్మంగారూ కమిటీ నలుగురూ నాలుగో నంబరు ఎక్కారు. పద్నాలుగో అంతస్తు దగ్గర ఆగింది. నేను మెషిన్ రూమ్‌కి పరిగెత్తి, చేత్తో చక్రం తిప్పి, అంగుళం అంగుళం దింపి తలుపు తెరిచాను. తెరవగానే గాడి చివర, తలుపు వెనక్కి వెళ్ళి దాక్కునే చోటునుంచి నిమ్మకాయలు దొర్లుకుంటూ వచ్చాయి. సగానికి కోసి కుంకుమ అద్దినవి. కమిటీ పెద్దాయన బూటు కింద ఒకటి చితికింది. ఇరవై ఒకటి. నేను లెక్కపెట్టక్కర్లేకపోయింది, నువ్వు ముందే రాశావు.

బాలనర్సయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న నీ పోస్టుకార్డులు తీసి ఇచ్చాడు. ‘ప్రతి మంగళవారం అమ్మాయి లిఫ్టు గడపలో ఎవరి కంటా పడకుండా పెట్టవలెను. అమ్మాయికి చెప్పరాదు.’ ముత్యాల్లాంటి చేతిరాత! ప్రతిసారీ తలుపు తెరవగానే చెక్కలు గుట్టుగా తనే ఏరేసేవాడట, అందుకే నాకు గింజలే దొరికాయి; నిన్న కమిటీ కోసమని పదకొండింటికి పెట్టాడు, ఏరే వీలు దొరకలేదు.

ఎందుకు చేశావు అంటే ఆయన అన్నది: “ఇరవై ఏండ్ల సంది నా పేరు మీద ఒక్క కార్డు రాలే మేడమ్. పోస్టుమాస్టరమ్మ కార్డు రాసినంక చెయ్యకుంటె ఎట్ల?” లిఫ్టు ఆగుతుంటే చూసి కూడానా అంటే, “నిమ్మకాయ ఉన్నదాన్కే ఆగింది. లేకుంటె పడుతుండె” అన్నాడు. నిజంగానే అలా నమ్మాడు. మూడు నెలలు నన్ను కాపాడుతున్నాననుకున్నాడు.

నేను రిపోర్టు రాయాలి. మోటారు పాడైందని రాస్తే అది అబద్ధం, కుర్చీ ఎలాగూ పోతుంది. బాలనర్సయ్య పేరు రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది. గంటసేపు కాగితం ముందు కూర్చుని ఇలా రాశాను:

‘లోపం: తలుపు మూసుకోకపోవడం. కారణం: నిమ్మకాయ. బాధ్యులు: మా మేనత్త. ఫోర్‌మన్ రాతపూర్వకమైన ఉత్తర్వు పాటించాడు. ఆధారాలు: నిమ్మగింజలు, పదకొండు కవర్లు, పోస్టుకార్డులు, ఆరు.’

దసరా అయ్యాక నిర్ణయం చెబుతారు. నేను ఏడ్చింది కుర్చీ గురించి కాదు. ఇరవై రెండు మంది నన్ను నమ్మలేదు. ఇరవై మూడో మనిషివి నువ్వవుతావని అనుకోలేదు.

రసజ్ఞ

*

మండపేట,
4 అక్టోబరు 2025.

రసజ్ఞా,

నీ ఉత్తరం కౌంటర్లోనే చదివాను. కౌంటరు మూసేశాను. ముప్పై ఆరేళ్ళలో వేళ కాకుండా మూయడం ఇదే మొదలు.

తప్పు నాది. కాగితం మీద పెడుతున్నాను, రసీదుగా ఉంచుకో. మీ రామబ్రహ్మంగారికి కూడా ఇదే విషయం స్పీడ్ పోస్టులో పంపాను. భాగ్యమ్మగారికి మళ్ళీ ఒక కార్డు రాశాను, నాకు ఆమె భర్తతో నిమ్మకాయల సంబంధం తప్ప వేరే ఏమీ లేదని.

నిన్ను నమ్మక కాదే. నాకు ముప్పై ఏళ్ళప్పుడు ఒక పల్లెటూరి పోస్టాఫీసుకి మాస్టరుగా వేశారు. పోస్టుమాన్లు ముగ్గురు, ప్యాకరు ఒకడు. మొదటిరోజు తాళాలు నాకివ్వలేదు. నాలుగు నెలలు ఇవ్వలేదు. పొద్దున్నే వెళ్ళి మూసిన తలుపు ముందు నిలబడేదాన్ని, వాళ్ళు టీ తాగి తీరిగ్గా వచ్చి తీసేవాళ్ళు. మీ తాతయ్యతో చెబితే మానెయ్యమంటారని ఇంట్లో చెప్పలేదు. ఆ నాలుగు నెలల్లో నా కోసం ఆ గడపలో ఒక్క నిమ్మకాయ పెట్టినవాళ్ళు లేరు.

నీ చొక్కా సంగతి రాసినప్పుడు నాకు ఆ తలుపే కనబడింది. అంతే. తెలివి పనిచేయలేదు, చేతులు పనిచేశాయి.

నువ్వు పదకొండు కవర్లు తారీకులు వేసి దాచావు చూడు, అది నాకు అప్పట్లో తోచలేదు. నువ్వు నాకంటే గట్టిదానివి. ఇక ఏ ఏర్పాటూ చేయను.

అత్తయ్య

*

నానక్‌రామ్‌గూడ,
8 అక్టోబరు 2025.

అత్తయ్యా,

మొన్న సోమవారం కమిటీ కూర్చుంది. నా రిపోర్టు రెండుసార్లు చదివించుకున్నారట. తర్వాత ఒకాయన, నిమ్మకాయ పెట్టడం తప్పని మనం రాయగలమా అని అడిగాడట. కిటికీలోంచి చూస్తే కింద రామబ్రహ్మంగారి కారు. దసరాకి కట్టిన నిమ్మకాయల దండ ఇంకా ముందు వేలాడుతోంది. శివ బండికీ ఉంది. కమిటీ పెద్దాయన జేబులో కూడా ఒకటి ఉందట, గుడి దగ్గర ఇచ్చింది. కాబట్టి తప్పు నిమ్మకాయది కాదు, తలుపు గాడిది అని తీర్మానించారు. ‘గాడిలో పూజాద్రవ్యములు ఉంచరాదు’ అని పద్దెనిమిది లిఫ్టుల్లోనూ బోర్డు పెడుతున్నారు. బాలనర్సయ్యని ఎవరూ ఏమీ అనలేదు. భాగ్యమ్మ మళ్ళీ అన్నం కడుతోంది.

ఇక కుర్చీ. శివ మూడుసార్లు మోటారు మార్చి మూడుసార్లు మోటారే కారణమని రాశాడు. నా దగ్గర తారీకులతో గింజలున్నాయి. ఆ తారీకులు నిజమేనని రుజువేమిటి అని శివ అడిగాడు. అప్పుడు ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించారు. అవినాష్ రాసిన పదకొండు ఫిర్యాదులూ నిమిషాలతో సహా సరిపోయాయి. నన్ను ముంచుతున్నాయనుకున్న రాతలే ఒడ్డుకి చేర్చాయి.

అత్తయ్యా, పద్దెనిమిదీ నావే.

దర్జీకి నిన్న కబురు వెళ్ళింది. సాయంత్రానికి కొత్త చొక్కా వచ్చింది. జేబు మీద నా పేరు. అద్దం లేక లిఫ్టు తలుపులో చూసుకున్నాను, నాలుగో నంబరు తలుపులోనే.

నీ ఉత్తరం ఆ జేబులోనే ఉంది. తాళాల సంగతి నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు? వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను, అంతా చెప్పాలి. వచ్చేటప్పుడు మావయ్యకి ఇక్కడి మార్కెట్లో నిమ్మకాయలు కొని తెస్తాను. నువ్వు మాత్రం మన చెట్టుది ఒక్కటి పంపు. లిఫ్టుకి కాదు, కొత్త కుర్చీ పక్కన టేబులు మీద పెట్టుకోవడానికి.

చివరి పేరాలో రాయడం నీ దగ్గరే నేర్చుకున్నాను. నిన్న మంగళవారం. నాలుగో నంబరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడా ఆగలేదు. ఈ పొద్దున్న రిజిస్టరు తీస్తే కొత్త రాత ఉంది:

‘రసజ్ఞ గారికి. ఫిర్యాదు: నిన్న మంగళవారము లిఫ్టు ఆగలేదు. ఏడు గంటల రెండు నిమిషములకే ఇరవై మూడవ అంతస్తు చేరితిని. తీవ్ర అసౌకర్యము కలిగినది. తగు చర్య తీసుకోగలరు. — అవినాష్.’

ఒక రోజులోపు జవాబివ్వాలన్నది నియమం కదా. ఇచ్చేశాను: ‘ఫిర్యాదు సమంజసమే. విచారణ కోసం శనివారం సాయంత్రం ఐదింటికి రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర హాజరు కావలెను. అక్కడ మెట్లు వాడుదాము.’

గోత్రం అడగను. నువ్వూ కార్డు రాయకు.

నీ
రసజ్ఞ